రాకెట్టు, ఆశ్రమం, స్తూపం: పక్కన ఎవరున్నారో చూసుకుని వెళ్లాల్సిన మూడు చోట్లు

శ్రీహరికోట రాకెట్ పార్కులో ఏదో ఒక నమూనాకు కాస్త దూరంగా పది నిమిషాలు నిలబడి, రాకెట్టును వదిలేసి మనుషులను చూడండి. పిల్లాడి చెయ్యి పట్టుకొచ్చిన తండ్రి కళ్లు రాకెట్టు మీద ఉండవు, పిల్లాడి మొహం మీద ఉంటాయి. కొత్తగా పెళ్లయిన జంట బోర్డు దగ్గర ఆగి ఇద్దరూ చదువుతారు, మాటలు తక్కువ. కాలేజీ కుర్రాళ్ల గుంపు రాకెట్టుకు వీపు పెట్టి ఫోనుకు మొహం పెడుతుంది. అత్తమ్మను, మావయ్యను వెంటబెట్టుకొచ్చిన కోడలు ముందు నీడ ఎక్కడుందో చూస్తుంది. ఒక్కడే వచ్చిన మనిషి చేతులు వెనక్కి కట్టుకుని బోర్డు ఆఖరి లైను దాకా చదువుతాడు.

రాకెట్టు మాత్రం అందరికీ అదే. అందుకే ఇలాంటి చోట్లకు అందరికీ కలిపి ఒకే మార్కు వేస్తే అది ఎవరికీ పనికిరాదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు ఒక రోజులో పోయి రాగలిగిన మూడు చోట్లను ఇక్కడ ఎవరితో వెళ్తే ఏం దొరుకుతుంది, ఏం పోతుంది అనే లెక్కలో చూద్దాం. ఆ మూడూ శ్రీహరికోట రాకెట్ కేంద్రం, పల్లిపాడు గాంధీ ఆశ్రమం, చందవరం బౌద్ధ స్తూపం.

పెద్దవాళ్ల తీరు తోడును బట్టి మారుతుందన్నది మన ఊరి కనిపెట్టుడు కాదు. లండన్ సహజ చరిత్ర మ్యూజియంలో సందర్శకులను దగ్గర నుంచి గమనించి పాలెట్ మెక్‌మానస్ 1987లోనే ఈ సంగతి రాశారు. పిల్లలున్న గుంపులు ఎక్కువ సేపు మాట్లాడుకుంటాయి, ముట్టుకుంటాయి, తక్కువ చదువుతాయి. ఒంటరి వాళ్లు బాగా చదువుతారు. జంటలు చదువుతాయి కానీ పెద్దగా మాట్లాడుకోవు. పెద్దవాళ్ల స్నేహ బృందాలు అన్నిటికన్నా తేలిగ్గా దాటిపోతాయి. మన దగ్గర వీటికి ఇంకొక రకం కలపాలి: మూడు తరాలు ఒకే కారులో దిగడం. దాని సంగతి వేరు, తర్వాత చెప్పుకుందాం.

శ్రీహరికోట: పిల్లలతో అయితే ఇదే మొదటిది

షార్, అంటే శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ ప్రయోగ కేంద్రం, 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అయినా నెల్లూరు వాళ్లకు అది ఇంటి వెనక దొడ్డి లాంటిదే. సూళ్లూరుపేట చెన్నై మెయిన్ లైను మీదే ఉంది. అక్కడ దిగితే పులికాట్ సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీద సుమారు 18 కిలోమీటర్లు. ప్రయోగాలను జనం కూర్చుని చూసే గ్యాలరీని 2019 మార్చి 31న తెరిచారు. ఆ మర్నాడే పీఎస్ఎల్‌వీ సీ45 రాకెట్టు ప్రయోగం. గ్యాలరీలోకి రావాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. నమోదులో ఏ గుర్తింపు కార్డు ఇచ్చారో అదే కార్డు వెంట ఉండాలి. ఇంట్లో నలుగురి పేర్లు ఒక్కరే నమోదు చేసి కార్డులు మాత్రం ఇంట్లో వదిలి రావడం మామూలుగా జరిగే తప్పు.

పిల్లలతో వచ్చిన పెద్దలు ఇక్కడ ఒక్క నిమిషంలో మాస్టారుగా మారిపోతారు. బోర్డు చూడగానే "చదువు, ఏం రాసుందో చదువు" అంటారు. పిల్లకు అది పరీక్ష అయిపోతుంది. ఇంకొందరు బోర్డు మీద ఇంగ్లీషును లైను లైనుగా తెలుగు చేసి అప్పజెబుతారు. యాభై మాటల బోర్డును పెద్దవాడు లోపల చదువుకోడానికి 15, 20 సెకన్లు చాలు. అదే పైకి చదివి, తెలుగు చేసి, మధ్యలో "వింటున్నావా" అని అడిగితే నిమిషం దాటుతుంది. ఆరేడేళ్ల పిల్ల ఓపిక అంతకన్నా ముందే అయిపోతుంది.

దీనికి మంచి పద్ధతి ఉంది. బోర్డును ముందు మీరు ఒక్కరే, నోరు మెదపకుండా చదవండి. అందులో ఒక్క సంగతి ఏరుకోండి. దాన్ని సమాధానంగా చెప్పకుండా ప్రశ్నగా వెయ్యండి. ఆ ప్రశ్నలో కళ్లతో చూడదగ్గది ఉండాలి.

పనికొచ్చే ప్రశ్నలు కొన్ని. రోహిణి రాకెట్ల పేర్లలో ఉండే అంకె ఏమిటి? ఆర్‌హెచ్ 125, ఆర్‌హెచ్ 200 అంటే ఆ రాకెట్టు గొట్టం వ్యాసం మిల్లీమీటర్లలో. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి మొట్టమొదట ఎగిరింది ఆర్‌హెచ్ 125. అంటే 125 మిల్లీమీటర్లు, పన్నెండున్నర సెంటీమీటర్లు. పెద్దవాళ్ల జాన ఇరవై సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి ఆ గొట్టం వెడల్పు జానెడు కూడా లేదు. ఈ మాట చెప్పి చేత్తో కొలిపిస్తే ఆ పిల్ల ఆ అంకెను మరిచిపోదు.

రెండో ప్రశ్న. ఎస్ఎల్‌వీ 3 పొడవు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. అది మోయగలిగింది 40 కిలోలు. 17 టన్నుల రాకెట్టు 40 కిలోలే ఎందుకు మోస్తుంది? బరువులో ఎక్కువ భాగం ఇంధనమే, ఆ ఇంధనంలో ఎక్కువ భాగం మిగతా ఇంధనాన్ని మోయడానికే ఖర్చవుతుంది. నెల్లూరు నుంచి శ్రీశైలం దాకా దారిలో ఎక్కడా బంకు లేకపోతే డీజిలంతా డబ్బాల్లో నింపి కారు మీదే మోసుకుపోవాలి కదా, అట్లా అని చెప్తే పదేళ్ల పిల్లకు అర్థమవుతుంది.

మూడోది అన్నిటికన్నా బాగుంటుంది. పక్క మోటార్లు తగిలించిన పీఎస్ఎల్‌వీ పొడవు 44 మీటర్లు, బరువు 320 టన్నులు. చంద్రయాన్ 3ని మోసిన ఎల్‌వీఎం3 పొడవు 43.5 మీటర్లు, బరువు 640 టన్నులు. పొడవు ఇంచుమించు ఒకటే, బరువు మాత్రం రెండింతలు. ఎందుకు? పిల్ల నమూనా చుట్టూ తిరిగి రెండు పక్కలా లావాటి గొట్టాలున్నాయని తనే కనిపెట్టాలి. ఒక్కోదాంట్లో సుమారు 200 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అది కనిపెట్టేదాకా పెద్దవాళ్లు నోరు కట్టేసుకోవాలి. చాలామంది కట్టేసుకోలేరు. ప్రశ్న అడిగిన మూడో సెకనుకే జవాబు తామే చెప్పేస్తారు. మనసులో పది దాకా లెక్కపెట్టండి.

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పకుండా ఉండలేం. కాలిఫోర్నియాలోని ఒక పిల్లల మ్యూజియంలో తల్లిదండ్రుల మాటలను రికార్డు చేసి చూసిన పరిశోధన 2001లో వచ్చింది. ఆడపిల్లలకు చెప్పిన దానికి మూడు రెట్లు ఎక్కువగా తల్లిదండ్రులు మగపిల్లలకు "ఇది ఎందుకిలా అవుతుంది" అన్న వివరణ ఇచ్చారు. ఆటలు, మీటలు ఇద్దరితోనూ ఒకేలా ఆడించారు, తేడా వచ్చింది ఆ కారణం చెప్పే చోటే. అక్కడి లెక్క అక్కడిదే. అయినా అన్నాచెల్లెళ్లను తీసుకొచ్చిన మన కుటుంబాన్ని రాకెట్టు పక్కన గమనించండి. నాయన ఇంజన్ గురించి కొడుక్కి చెబుతుంటాడు, అమ్మ కూతురి జడ సరిచేస్తుంటుంది. దీనికి మందు తేలికే: మొదటి ప్రశ్న ఎప్పుడూ కూతుర్ని అడగండి. కొడుకు మధ్యలో దూరి చెప్పేస్తే, "నువ్వు తర్వాతది" అనండి. ఒక గంటలో ఆ పిల్ల నిలబడే తీరే మారుతుంది.

ఎత్తు సంగతీ చూసుకోవాలి. ఆరేళ్ల పిల్ల కళ్లు నేలకు ఒక మీటరు పైన కాస్త అటూ ఇటూ ఉంటాయి. గాజు పెట్టెల్లోని వస్తువులు మన కంటికి బాగానే కనిపిస్తాయి, పిల్లకు మాత్రం గాజు మీద దీపం మెరుపే కనిపిస్తుంది. "చూడు, చూడు" అనే ముందు ఒకసారి గొంతుక్కూర్చుని అదే పెట్టెను చూడండి. పిల్ల ఎందుకు విసుక్కుంటోందో అప్పుడు తెలుస్తుంది.

ప్రయోగం రోజైతే లెక్క మొత్తం మారుతుంది. ముందు మంట కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది. మంట కనబడగానే పిల్లల చేత సెకన్లు లెక్కపెట్టించండి. చప్పుడు చేరేసరికి ఎంత లెక్క వచ్చిందో దాన్ని మూడుతో భాగిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది, ఎందుకంటే ధ్వని మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు వస్తుంది. పీఎస్ఎల్‌వీ మొదటి దశ దాదాపు 110 సెకన్లు మండుతుంది. ఆ 110 సెకన్లలో పెద్దవాళ్లు చేసే పెద్ద తప్పు ఫోను పైకెత్తడం. ఫోను తెరలో రాకెట్టు చిన్న చుక్క. పైగా వెనక కూర్చున్న పిల్లలకు ఆకాశం బదులు మీ మోచెయ్యి కనిపిస్తుంది. ఆ వీడియో ఎలాగూ ఇస్రో వాళ్లది ఇంతకన్నా బాగా దొరుకుతుంది.

ప్రయోగం వాయిదా పడొచ్చు. దానికి సిద్ధపడి రావాలి. చంద్రయాన్ 2ను 2019 జులై 15 తెల్లవారుజామున పంపాల్సింది, గంట కన్నా తక్కువ సమయం ఉందనగా ఆపేశారు. అది ఎగిరింది జులై 22న. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన పిల్లల ముందు పెద్దలు "టైమంతా దండగ" అని విసుక్కుంటే పిల్లలకు అదే గుర్తుండిపోతుంది. ఆపడం ఎందుకు మంచిదో చెప్పడానికి అంతకన్నా మంచి రోజు ఉండదు: ఒక లీకు కనిపించినా, ఒక అంకె తేడాగా ఉన్నా ఆపుతారు, ఎగిరాక దించలేరు కాబట్టి. చలికాలమైతే రెండో ఏర్పాటుగా నేలపట్టు పక్షుల కేంద్రాన్ని లెక్కలో పెట్టుకోండి. గూడబాతులు గూళ్లు కట్టే చోటు, సూళ్లూరుపేటకు దగ్గరే. పులికాట్‌లో దిగే రాజహంసలు రోడ్డు మీద నుంచే కనిపిస్తాయి.

ఇక మూడు తరాల కారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, తాత, అవ్వ. ఇది ఎందుకు చెడుతుందంటే ఆరుగురూ ఒకే గుంపుగా కదలాలని చూస్తారు కాబట్టి. అప్పుడు నడక తాత వేగంతో, ఓపిక పిల్లల కొలతతో, తొందర డ్రైవరు మాటతో నడుస్తుంది. మధ్యలో ఉన్న ఇద్దరు పెద్దలు ఏమీ చూడరు. వాళ్లు మ్యూజియానికి వచ్చారన్న సంగతే మరిచిపోతారు. దానికి ఇలా చేయాలి. దిగగానే నీడ, కూర్చునే చోటు, మరుగుదొడ్డి, తాగునీళ్లు ఈ నాలుగూ చూసి పెట్టుకోండి. తాతను, అవ్వను అక్కడ కూర్చోబెట్టండి. మొదటి 20 నిమిషాలు ఒకరు పిల్లలతో తిరగాలి, ఇంకొకరు పూర్తిగా ఒంటరిగా తిరగాలి. పక్కన ఎవరూ ఉండకూడదు, సంచి కూడా ఉండకూడదు. తర్వాతి 20 నిమిషాలు మార్చుకోవాలి. ఆఖరి 20 నిమిషాలు అందరూ కలిసి, ఒంటరిగా తిరిగిన ఇద్దరూ చెరొకటి ఏరుకున్న రెండే రెండు వస్తువుల దగ్గరికి వెళ్లాలి. తాతకు కూడా ఆ రెండే చూపించాలి. గంటలో అయిపోతుంది, అందరూ ఏదో ఒకటి నిజంగా చూసినట్టుంటుంది. ఈ పద్ధతిలో ఎక్కువగా ఎదురయ్యే అడ్డంకి ఒకటే: ఒంటరి వంతు వచ్చిన తల్లి ఆ 20 నిమిషాలూ పిల్లలు ఎక్కడున్నారో చూస్తూ గడిపేస్తుంది. ఆమెను ఇంకో మూలకు, పిల్లలు కనబడని వైపుకు పంపండి.

పల్లిపాడు: అమ్మానాన్నలతో, అత్తమామలతో

ఇందుకూరుపేట మండలంలో, పెన్న ఒడ్డున ఉంది పినాకిని సత్యాగ్రహ ఆశ్రమం. పినాకిని అంటే పెన్నే. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి ప్రారంభించారు. దీనికి పొణకా కనకమ్మ భూమి ఇచ్చారు, దక్షిణాఫ్రికాలో గాంధీజీ సహచరుడు పారసీ రుస్తుంజీ పదివేల రూపాయలు పంపారు. నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టినది కూడా ఆ కనకమ్మగారే.

రాకెట్టు దగ్గర పిల్లలు ఎగురుతారు, ఇక్కడ ఎగరరు. పదేళ్ల లోపు పిల్లలతో ఇక్కడికి వస్తే అరగంటలో "పోదాం పా" మొదలవుతుంది. తప్పు పిల్లలదీ కాదు, ఆశ్రమానిదీ కాదు, తోడు కుదరలేదు అంతే. ఇది డెబ్బై, ఎనభై ఏళ్ల వాళ్లతో రావాల్సిన చోటు.

ముసలివాళ్లను తీసుకొచ్చిన కొడుకులు, కూతుళ్లు సాధారణంగా రెండు పనులు చేస్తారు. గొంతు పెంచి చెబుతారు, తొందర పెడతారు. "నాయనా, ఇది గాంధీగారు వచ్చిన చోటు" అని గట్టిగా చెబుతారు, ఆ సంగతి నాయనకు తెలియనట్టు. రాకెట్టు దగ్గర వివరించే పని పెద్దవాళ్లది, ఇక్కడ వివరించే పని ముసలివాళ్లది. మీరు వినాలి. ఇది అర్థం చేసుకోకపోతే ఇక్కడికి వచ్చి చూసేదేమీ లేదని తిరిగిపోతారు.

వయసు లెక్క కూడా సరిగ్గా వేసుకోండి. ఎనభై ఏళ్ల వాళ్లు 1921ని చూడలేదు, వాళ్ల తల్లిదండ్రులు చూసి ఉండొచ్చు. అందుకే "మీకు గుర్తుందా" అని అడిగితే "నేను పుట్టనే లేదు కదరా" అంటారు, మాట అక్కడితో తెగిపోతుంది. "మీ నాయన ఖద్దరు కట్టేవాడా?", "మన ఊర్లో జైలుకు పోయినవాళ్లు ఎవరు?", "ఇంట్లో రాట్నం ఉండేదా, ఎవరు వడికేవాళ్లు?" అని అడగండి. ఇంకాస్త వయసున్న వాళ్లయితే 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని పొట్టి శ్రీరాములు చేసిన దీక్ష గురించి అడగండి. 1952 డిసెంబరు 15న ఆయన పోయిన రోజు ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో అడగండి. ఒక ప్రశ్నకు ఒక జవాబు వచ్చాక వెంటనే రెండోది వెయ్యకండి. ముసలివాళ్లు ఆగి, మళ్లీ మొదలుపెట్టి చెప్పే రెండో భాగంలోనే అసలు సంగతి ఉంటుంది. ఫోనులో రికార్డరు ముందే నొక్కి, వాళ్లకు చెప్పి, చొక్కా జేబులో నిలువుగా పెట్టుకోండి, మైకు పైకి ఉండేలా. చేత్తో పట్టుకుంటే వాళ్లు ఫోనునే చూస్తారు.

శరీరం సంగతి. 1916లోనే బోస్టన్‌లో బెంజమిన్ గిల్మన్ అనే ఆయన ఒక మనిషిని ప్రదర్శన పెట్టెల ముందు వంచి, గొంతుక్కూర్చోబెట్టి ఫొటోలు తీసి, మ్యూజియం అలసట ఎక్కడి నుంచి వస్తుందో చూపించాడు. కాళ్లు నొప్పెట్టేది నడకకన్నా వంగి చూడడానికి, ఆగి ఆగి నిలబడడానికి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు ఇది రెట్టింపు. అందుకని ఎక్కడైనా సరే చూశాక కూర్చోబెట్టే పద్ధతి వదిలెయ్యండి. ముందు కూర్చోబెట్టి, అలుపు తీరాక చూపించండి. పటం కింద చిన్న అక్షరాలుంటే ఫోనుతో దగ్గరగా ఫొటో తీసి, పెద్దది చేసి, కూర్చున్న చోటే చూపించండి. పొద్దున పూట రండి. ముప్పావుగంట చాలు. మాట సాగితే ఎంతసేపైనా ఉండండి, ఆపకండి.

చందవరం: ఇద్దరితో, స్నేహితులతో, అన్నిటికన్నా ఒంటరిగా

ప్రకాశం జిల్లా దొనకొండ మండలం, గుండ్లకమ్మ దగ్గర, సింగరకొండ మీద. అద్దంకి దగ్గర ఆంజనేయస్వామి గుడి ఉన్న సింగరకొండ వేరు, ఇది వేరు. మ్యాపులో పేరు కొట్టి అద్దంకి వైపు పోయే వాళ్లు ఉంటారు కాబట్టి "చందవరం, దొనకొండ" అనే వెతకండి. రైల్లో అయితే గుంటూరు నుంచి నంద్యాల వైపు పోయే లైనులో దొనకొండ స్టేషన్ ఉంది. 1964లో వేలూరి వెంకట కృష్ణశాస్త్రి ఈ చోటును గుర్తించారు. 1972 నుంచి 1977 మధ్య తవ్వకాలు జరిగాయి. శాతవాహనుల కాలంలో వెలిగిన మహాస్తూపం. అండం, అంటే స్తూపం గుండ్రటి గుమ్మటం, చుట్టుకొలత 120 అడుగులు, ఎత్తు 30 అడుగులు.

కొండ మీద ఎండ నేరుగా పడుతుంది. మనిషికి ఒక లీటరు నీళ్లు, టోపీ, మెత్తటి చెప్పులు కాక బూట్లు. ఇక్కడ పిల్లలతో, మోకాళ్ల నొప్పుల వాళ్లతో మధ్యాహ్నం రావడం ఎవరికీ చెప్పను.

జంటగా వస్తే భర్త గైడు అవుతాడు. దారిలో ఫోనులో చదివిన నాలుగు ముక్కలు ఎక్కడం మొదలుపెట్టిన దగ్గర నుంచి చెబుతూనే ఉంటాడు. భార్య "ఊఁ" అంటూ ఇంకోవైపు చూస్తుంటుంది. అలా కాకుండా మొదటి చుట్టు మాట్లాడకుండా తిరగండి. ప్రదక్షిణంగానే తిరగాలి, స్తూపం కుడిచేతి వైపు ఉండేలా. స్తూపాలు కట్టింది ఆ నడక కోసమే. అండం చుట్టుకొలతే 120 అడుగులు కాబట్టి మామూలు నడకలో దాదాపు 50 అంగలు, కాస్త బయటగా నడిస్తే ఇంకొన్ని. నిదానంగా నడిచినా రెండు నిమిషాలు పట్టదు. రెండో చుట్టులో ఒకరు చూసింది ఒకరికి చెప్పండి. ఇద్దరూ వేర్వేరు వస్తువులు చూశారని అప్పుడు తెలుస్తుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక్కో చిత్రం ముందు ఎంతసేపు నిలబడతారో కొలిస్తే మధ్యస్థంగా వచ్చింది 17 సెకన్లు. రెండు నిమిషాల మౌనం దాని పక్కన పెద్ద ఆస్తి.

స్నేహితులతో వస్తే కష్టం ఎక్కడొస్తుందంటే, నలుగురిలో తక్కువ ఆసక్తి ఉన్నవాడు నడక నిర్ణయిస్తాడు. వాడు "ఏందిరా, ఇటుకలేగా" అంటే మిగతా ముగ్గురూ సిగ్గుపడి కదిలిపోతారు. ముందే పని పంచుకుంటే ఇది జరగదు. తొలినాళ్ల బౌద్ధ శిల్పంలో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవాళ్లు కాదు. పాదాలు, ధర్మచక్రం, బోధివృక్షం, ఖాళీ ఆసనం, ఇవే ఆయన గుర్తులు. నలుగురికి నాలుగు గుర్తులు. ఎవరి గుర్తును వాళ్లు వెతకాలి. ఇక్కడ ఫలకాల్లో దొరకనిది అమరావతి శిల్పాల్లో వెతుక్కోవచ్చు. దొరికినవాడే మిగతావాళ్లను పిలిచి చూపించాలి. ఆసక్తి లేనివాడికి ఖాళీ ఆసనం ఇవ్వండి. అన్నిటికన్నా తికమక పెట్టేది అదే, పోటీలో పడతాడు.

ఫొటోల గురించి స్నేహితుల గుంపులకు గట్టిగా చెప్పాల్సింది ఉంది. ఈ చందవరం నుంచి దొంగిలించిన సున్నపురాతి ఫలకం ఒకటి, బుద్ధుణ్ణి పూజించే భక్తుల శిల్పం, సముద్రాలు దాటి కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. ఆ రాయి ఒకప్పుడు ఇక్కడే ఉందని పాత ఫొటోలు చెప్పాయి. 2016లో దాన్ని మన దేశానికి తిరిగి ఇచ్చారు. రాయికి నోరు లేదు, దాని తరఫున మాట్లాడింది ఎవరో తీసి ఉంచిన ఫొటో. కాబట్టి శిల్పానికి అడ్డంగా నిలబడి, సగం కప్పేసి తీసుకునే సెల్ఫీ ఒక్కటి చాలు. మిగతావి ఇలా తియ్యండి: ఎదురుగా నిటారుగా నిలబడి, నాలుగు అంచులూ కనిపించేలా ఒకటి. విరిగిన మూల, పగులు, మచ్చ దగ్గరగా ఒకటి, ఎందుకంటే ఒక రాయిని ఇంకో రాయి నుంచి వేరుచేసేది ఆ పగులే. చుట్టూ గోడ, గది కనిపించేలా దూరం నుంచి ఒకటి. ఫోనులో తేదీ, చోటు నమోదయ్యే సెట్టింగు వేసి ఉంచండి. గాజు వెనక ఉంటే ఫ్లాష్ ఆపి, కాస్త పక్కకు జరిగి ఏటవాలుగా తియ్యండి, మెరుపు తప్పుతుంది. ఫొటోలు తీయనివ్వని గదిలో మాత్రం అడిగి, కాదంటే ఊరుకోండి. ఎక్కడైనా చెయ్యి వెయ్యకండి. చేతి చెమట, నూనె సున్నపురాతిలోకి ఇంకి నల్లబడుతుంది.

ఒంటరిగా వచ్చేవాళ్లకు చందవరం ఈ మూడింట్లోనూ మొదటిది. ఎవరి కోసం ఆగనక్కర్లేదు, ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒంటరివాళ్ల బలహీనత మాత్రం ఒకటుంది: బోర్డు మొత్తం చదివేసి, చదివినందుకే చూసినట్టు అనుకుని వెళ్లిపోతారు. ముందు రాయి, తర్వాత బోర్డు, మళ్లీ రాయి. మొదటిసారి కనబడనిది మూడోసారి కనబడుతుంది.

వెలుగు కూడా ఒంటరివాళ్ల చేతిలోనే ఉంటుంది, టైము తామే పెట్టుకోవచ్చు కాబట్టి. లోతు తక్కువగా చెక్కిన గీతలు నడినెత్తి సూర్యుడి కింద చదునుగా, బోడిగా కనిపిస్తాయి. ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు దాటాక ఎండ పక్క నుంచి పడుతుంది. ప్రతి గీతకూ నీడ వస్తుంది, ఇటుక వరసలు విడివిడిగా లేస్తాయి. తెరిచే, మూసే వేళలు ముందుగా కనుక్కుని, ఉదయపు వేళకే ప్రయాణం పెట్టుకోండి. ముందు రోజు రాత్రికి దర్శిలోనో, మార్కాపురంలోనో ఆగితే ఎండ ముదరకముందే కొండ మీద ఉంటారు. నీడలు పొట్టిపడడం మొదలయ్యాక కిందికి దిగి, గదిలో పెట్టిన ఫలకాల దగ్గరికి వెళ్లండి.